పంతొమ్మిది సుడుల్లో పన్నెండు అబద్ధం

నిన్న సాయంత్రానికి నా జాబితాలో, రాడార్ చిత్రాల్లో పట్టుకున్న గాలి సుడులు ఏడు మిగిలాయి. నెల కిందట పంతొమ్మిది ఉండేవి. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నా.

జపాన్ సముద్ర తీరంలో చలికాలపు చిన్న సుడుల మీద నా పని. సైబీరియా చలిగాలి వెచ్చటి సముద్రం దాటుతూ మంచు మేఘాలు కడుతుంది. రెండు గాలులు ఒరుసుకునే గీత వెంబడి వందల మీటర్ల వెడల్పున సుడులు లేస్తాయి. 2005 డిసెంబరు 25న యమగత ప్రాంతంలో ఈదురుగాలికి ఎక్స్‌ప్రెస్ రైలు పట్టాలు తప్పి ఐదుగురు చనిపోయారు. దాని గురించి చదివాకే నేను ఇటు వచ్చాను.

రాడార్ డేటాకి దరఖాస్తు, అనుమతి, సాఫ్ట్‌వేర్ వారంలో తెమిలాయి.

డాప్లర్ అంటే గాలి వేగాన్ని కూడా కొలిచే రాడార్. దాని చిత్రంలో ఆకుపచ్చ అంటే రాడార్ వైపు వచ్చే గాలి, ఎరుపంటే దూరంగా పోయే గాలి. రెండూ పక్కపక్కనే అతుక్కుని ఉంటే సుడి. అలాంటివి పంతొమ్మిది పట్టుకుని సమావేశంలో చూపించాను. ఆరో స్లైడ్ దగ్గర ఒక సీనియర్ ఆపారు. "ఈ గడిలో ప్లస్ 15, పక్క గడిలో మైనస్ 15. నీ రాడార్ నైక్విస్ట్ వేగం ఎంతమ్మా?" రాడార్ తికమకపడకుండా కొలవగల గరిష్ఠ వేగం అది. నాకు తెలియదు. "అది తెలియకుండా సుడులెలా లెక్కపెట్టావు?" గదిలో అందరూ నా వైపే చూశారు. చెవులు వేడెక్కిపోయాయి.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. తరంగదైర్ఘ్యం 3.2 సెంటీమీటర్లు, సెకనుకు 2000 పల్స్‌లు. రెండూ గుణించి నాలుగుతో భాగిస్తే సెకనుకు 16 మీటర్లు. అంతకుమించిన గాలిని రాడార్ మడతపెట్టి చూపిస్తుంది. సెకనుకు 17 మీటర్లతో దూరంగా పోయే గాలి, 15తో దగ్గరికి వస్తున్నట్టు పడుతుంది. సుడి లేదు, ఏమీ లేదు, ఒకే జోరుగాలి! తొమ్మిది అలాగే పోయాయి.

డేటా ఇచ్చిన ఆఫీసు మీద నా కోపం ఇంకా తగ్గలేదు. వాళ్ళిచ్చిన కాగితాల్లో పల్స్‌ల సంఖ్య ఎక్కడా లేదు. అడిగితే "మాన్యువల్‌లో అన్నీ ఉన్నాయి" అని ఒక్క ముక్క. ఆ సంఖ్య రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఫైలు తెరవకండి.

మరో మూడు దూరం వల్ల పోయాయి. ఒక డిగ్రీ వెడల్పున్న రాడార్ కిరణం 60 కిలోమీటర్ల దగ్గర కిలోమీటరు వెడల్పుకు విచ్చుకుంటుంది. అర కిలోమీటరు సుడి అందులో కరిగిపోతుంది. పైగా కిరణం నేల మీంచి బాగా పైకి లేచిపోతుంది, ఈ సుడులేమో కింద ఉంటాయి. 40 కిలోమీటర్ల ఆవల చిన్న సుడి చూశామంటే నేను నమ్మను.

మిగిలిన ఏడూ వరసగా నాలుగైదు స్కాన్లలో మేఘంతో పాటు కదిలాయి. వాటిలో ఒకటి అపసవ్య దిశలో తిరుగుతూ సెకనుకు 18 మీటర్లతో పరుగెత్తింది. అలాంటప్పుడు పోయే దారికి కుడివైపున తిరుగుడూ పరుగూ కలిసిపోతాయి, దెబ్బంతా అక్కడే. ఆ దారిలోనే గాలినీ పీడనాన్నీ కొలిచే ఒక వాతావరణ కేంద్రం ఉంది. నిన్న దాని రికార్డు తెరిచాను. సుడి దాటిన నిమిషంలోనే పీడనం గుంటలా పడింది, గాలి దిశ తిరిగింది, వేగం సూదిమొనలా లేచింది. ఆ ప్రింటు తీసుకుని ఇవాళ పొద్దున్నే ఆ సీనియర్ బల్ల మీద పెట్టి వచ్చాను.