నిలబెట్టి మర్యాద చెయ్యడం

మా వైపు ఎవరైనా ఓ ఇంటికి వెళ్ళొచ్చి "నన్ను నిలబెట్టే పంపించేశాడండీ" అన్నారంటే ఆ రెండిళ్ళ మధ్య మాటలు ఇక లేనట్టే. అలాంటి చోట మూడొందల మందిని పిలిచి, రెండున్నర గంటలు నిలబెట్టి, వాళ్ళచేతే "బాగా చూసుకున్నారు" అనిపించుకోవడం నా ఉద్యోగం. భీమవరంలో ఒక హోటల్లో బ్యాంక్వెట్, అంటే విందుల హాలు చూస్తాను. నిలబడే తాగి, తిని వెళ్ళే ఈ పార్టీని కాగితం మీద స్టాండింగ్ కాక్‌టెయిల్ అంటాం. మా నాన్న మాత్రం "కుర్చీల్లేని ఫంక్షను" అంటాడు. కుర్చీలు అద్దెకిచ్చి మమ్మల్ని పెంచిన మనిషి, ఆయన బాధ ఆయనది.

నాన్నది పాలకొల్లు దగ్గర పల్లెలో షామియానా సప్లై. కుర్చీలు, బల్లలు, గుండిగలు, గరిటెలు. పెళ్ళివారి ఇంటి ముందు ఖాళీ స్థలంలో అడుగులు వేసుకుంటూ నడిచి, ముగ్గుపిండితో గీతలు గీసి "బంతికి అరవై మంది, మూడు బంతుల్లో అయిపోద్ది" అనేవాడు. గాడిపొయ్యి ఎటు తవ్వాలో గాలివాటం చూసి చెప్పేవాడు. సాంబారు బకెట్ పట్టుకొచ్చేవాడూ ఖాళీ బకెట్‌తో వెళ్ళేవాడూ ఎదురుపడకుండా రెండు దార్లు వదిలేవాడు. నేను ఏసీ హాల్లో మాస్కింగ్ టేపుతో చేసేదీ ఇంచుమించు అదే. కాకపోతే బంతి భోజనంలో మనిషి కదలడు, వడ్డన కదులుతుంది. కాక్‌టెయిల్లో అందరూ కదులుతారు. కదలకపోతేనే గొడవ.

ఈ గొడవేంటో నాకు మొదటి ఈవెంట్‌లోనే తెలిసింది. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక మా చుట్టుపక్కల చెరువుల లెక్కే మారిపోయింది. చెరువుల వెనకాల మేత కంపెనీలు, మేత కంపెనీల వెనకాల డీలర్ల మీటింగులు వచ్చాయి. అలాంటి ఒక డీలర్ల మీట్ అది. మా హాలు 80 అడుగుల పొడవు, 50 వెడల్పు, అంటే 4,000 చదరపుటడుగులు. స్టేజీ, బారు, స్టార్టర్ల కౌంటర్లు, వాటి ముందు జనం ఆగే చోటు తీసేస్తే 3,000 మిగులుతాయి. గ్లాసు పట్టుకుని నిలబడిన మనిషికి 10 చదరపుటడుగులుంటే హాయిగా ఉంటాడు. 8 అయితే సర్దుకుంటాడు. 6 అయితే మనిషి పడతాడు గానీ పక్కనుంచి ట్రే పట్టదు. అంటే మా హాలు 300 మందిది. మా సేల్స్ కుర్రాళ్ళు పార్టీతో 500 అని చెబుతుంటారు, అది వేరే కథ, నాకూ వాళ్ళకీ ఏటా నడిచేదే.

ఆ రోజు వచ్చింది 280 మందే. లెక్క సరిపోయింది, హాలు మాత్రం సరిపోలేదు. ఎందుకంటే నేను బారుని తలుపు పక్కనే పెట్టాను. రాగానే చేతికి గ్లాసు ఇస్తే మర్యాదగా ఉంటుందనుకున్నా. మొదట వచ్చిన నలభై మంది గ్లాసు తీసుకుని అక్కడే గుమిగూడారు. తర్వాత వచ్చినవాళ్ళకి లోపలికి దారి లేదు. వరండాలో ఏసీ లేక చెమటలు కక్కుకుంటూ జనం, హాలు రెండో సగంలో తెల్ల గుడ్డలేసిన ఖాళీ బల్లలు. జనం ఎక్కడ గ్లాసు అందుకుంటే అక్కడే వేళ్ళూనుకుంటారన్న సంగతి ఆ రాత్రి కళ్ళారా చూశాను.

రెండో తప్పు కుర్చీలు. ఒక్కటీ వెయ్యలేదు. స్టాండింగ్ అంటే స్టాండింగే కదా అని. ఆకివీడు వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయన నన్ను వేలితో పిలిచి "ఏమబ్బాయ్, కుర్చీలు అద్దెకి దొరకలేదా? మీ నాన్నని అడిగితే ఇచ్చేవాడు కదా!" అన్నాడు. ఆయనకి నాన్న తెలుసు. ఆయన కూతురి పెళ్ళికి షామియానా మాదేనట. నాకు తల కొట్టేసినట్టయింది. గబగబా స్టోరు తెరిపించి వంద కుర్చీలు తెప్పించా. పది నిమిషాల్లో వాటిని లాక్కుని గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. అయిదారు రచ్చబండలు తయారయ్యాయి. నిలబడినవాళ్ళు వాటి చుట్టూ తిరగలేక, ట్రేలు తిప్పే స్టీవార్డులు మధ్యలోకి దూరలేక, వేయించిన రొయ్యలు ట్రేలోనే చల్లారిపోయాయి.

అసలు చిక్కు కుర్చీలు ఎన్ని అన్నదాంట్లో లేదు. కుర్చీ తేలిగ్గా ఉంటే లాగుతారు. లాగితే వలయం అవుతుంది. వలయం అయ్యిందా, ఇక ఎవరూ లేవరు. అందుకని ఇప్పుడు సోఫాలు వేయిస్తాను. ఇద్దరు కష్టపడి మొయ్యాల్సినంత బరువైనవి. మూడొందల మందికి నలభై, నలభై అయిదు మంది కూర్చునేలా, పొడుగాటి గోడ వెంట, స్టేజీ కనిపించేట్టు కాస్త ఏటవాలుగా. పెద్దవాళ్ళు అక్కడ కూర్చుంటారు. మిగతావాళ్ళు వచ్చి వాళ్ళ ముందు నిలబడి పలకరించి వెళ్తారు. ఆ సోఫాల దగ్గర ఒక స్టీవార్డుని కట్టేసినట్టు ఉంచుతాను, వంటింట్లోంచి ఏ ట్రే బయల్దేరినా మొదట అటే. పెద్దాయన కూర్చుని ఉంటే కుర్రాళ్ళు నిలబడ్డం మనవాళ్ళకి అవమానం కాదు, అలవాటు. మడత కుర్చీలు మాత్రం ఓ ముప్ఫై పక్క గదిలో తాళం వేసి ఉంచుతాను. తాళం చెవి నా జేబులోనే.

ఇప్పుడు బారు సంగతి. పుస్తకాల్లో తలుపుకి దూరంగా పెట్టు, జనం లోపలికి నడుస్తారు అని ఉంటుంది. నిజమే. మా దగ్గర దానికి ఇంకో మెలిక ఉంది. మేనల్లుడు మావయ్య ఎదురుగా తాగడు. అల్లుడు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇద్దరూ డీలర్లే, ఇద్దరికీ ఆహ్వానం వెళ్ళింది. మావయ్య కనపడగానే గ్లాసు కర్టెన్ వెనక్కి వెళ్తుంది, కిటికీ అంచు మీదకి వెళ్తుంది, ఒకసారైతే నా చేతిలోకే వచ్చింది. "పట్టుకోండి గురూగారూ, ఒక్క నిమిషం!" అందుకే రెండు బార్లు. ఒకటి ఆ మూలనా ఇంకోటి ఈ మూలనా, ఒకదాన్నుంచి ఇంకోటి కనపడకుండా. మధ్యలో మా హాలు స్తంభాలు, వాటికి తోడు పెద్ద కుండీల్లో మొక్కలు. మా ఇంటీరియర్ అబ్బాయి ఆ మొక్కలు అందానికి అనుకుంటాడు. అవి మావయ్యల కోసం.

తలుపు దగ్గర మాత్రం ట్రేలు. ముందే పోసి పెట్టినవి, నిమ్మరసం, కొబ్బరినీళ్ళు, బీరు. ఒక బార్‌మన్ నిమిషానికి రెండు గ్లాసులు ఇవ్వగలడు. నలుగురుంటే ఎనిమిది. అందరూ బారు మీదే పడితే మూడొందల మందికి మొదటి గ్లాసు అందేసరికి నలభై నిమిషాలు. ట్రే చేతికి అందితే మనిషి ఆగడు, నడుస్తూనే ఉంటాడు.

ఎత్తు బల్లలు 42 అంగుళాలవి, పైపలక 30 అంగుళాలు. దాని చుట్టూ మనుషులు నిలబడితే ఆరున్నర అడుగుల గుండ్రం అవుతుంది. రెండు గుండ్రాల మధ్య ట్రే వెళ్ళడానికి మూడడుగులు కావాలి. అంటే బల్ల నడిమధ్య నుంచి పక్క బల్ల నడిమధ్యకి తొమ్మిదిన్నర. నేను పది వేస్తాను. బయటి ఊళ్ళ నుంచి వచ్చే ఈవెంట్ వాళ్ళు బల్లకి ఎనిమిది మంది అంటారు. మనకి చాలదు. మనం చేత్తో తింటాం. ఎడమ చేతిలో ప్లేటు, కుడి చెయ్యి మసాలా, మరి గ్లాసు ఎక్కడ పెట్టాలి? అందుకని అయిదుగురికో బల్ల. అందరికీ అక్కర్లేదు, సగం మందికి లెక్క వేస్తే చాలు, మిగతావాళ్ళు నడకలో ఉంటారు. ఎముక ఉన్న కోడి ముక్క నిలబడే ఫంక్షన్‌లో పెట్టకూడదని మా చెఫ్‌తో నాకు ఒప్పందం. రొయ్య తోక కూడా తీసేయాలి. తీయకపోతే ఆ తోకలు మర్నాడు మొక్కల కుండీల్లో దొరుకుతాయి.

చెయ్యి కడుక్కునే చోటు లేఅవుట్‌లో ఎవరూ గియ్యరు. టిష్యూ ఇస్తే తుడుచుకుని మళ్ళీ "కుళాయి ఎక్కడండీ?" అని అడుగుతారు. మా హాలుకి వాష్‌బేసిన్లు వంటింటి తలుపు వైపే ఉన్నాయి. కట్టినవాళ్ళు చేసిన పని, ఇప్పుడేం చెయ్యలేం. తడి చేతులతో వచ్చేవాళ్ళూ, వేడి ట్రేలతో వచ్చేవాళ్ళూ ఒకే దారిలో. ఆ పది అడుగుల మేర తాడు స్టాండ్లు నిలబెట్టి రెండు దార్లు చేశాను. నాన్న చూసి "ఇది సాంబారు బకెట్ల దారే కదరా" అన్నాడు.

లాన్ గురించి ఎక్కువ చెప్పను, బుర్ర వేడెక్కుతుంది. మాది ఒండ్రుమట్టి, వాన పడ్డ వారానికి కూడా లోపల మెత్తగానే ఉంటుంది. ఎత్తు బల్ల ఒక కాలు దిగిందంటే మొత్తం వాలిపోతుంది. బల్లల కింద ప్లైవుడ్ చెక్కలు వేసి పైన కార్పెట్ పరిచాకే లాన్ బుకింగ్ అని చెప్పేశాను. తొలకరి రోజుల్లో అయితే అదీ ఒప్పుకోను. లైటు వేసిన అయిదు నిమిషాలకి గ్లాసుల్లో ఉసుళ్ళు.

వచ్చే శనివారం ఇంకో డీలర్ల పార్టీ ఉంది, 260 మంది. రొయ్య ఆకారంలో మూడడుగుల ఐసు బొమ్మ కావాలంటున్నారు. ఐసుకి ఇక్కడ కరువేముంది, ఎటు చూసినా ఐసు ఫ్యాక్టరీలే. కానీ దాన్ని స్టేజీ పక్కన కార్పెట్ మీద, సరిగ్గా సోఫాల ముందు పెట్టాలట. అది కరిగి నీళ్ళు ఎటు పారాలండీ అంటే పార్టీ తాలూకు కుర్రాడు నవ్వి "చెరువులోకే!" అన్నాడు. వాష్‌బేసిన్ల దారి మొదట్లో పెడదాం, అక్కడ గచ్చు నేల, నీళ్ళు పోయే తూము ఉంది, చెయ్యి కడుక్కోవడానికి వచ్చే ప్రతి ఒక్కడూ దాని పక్కన ఫొటో దిగుతాడు అని చెప్పి వచ్చా. ఇంకా తేల్చలేదు. సాయంత్రం ఫోన్ చేస్తామన్నారు.