తాత చేతిలోనే మౌస్

తిరుపతి బైరాగిపట్టెడలో మా నాన్న ల్యాప్‌టాప్ మొండికేస్తే ఇప్పుడు ఫోన్ నాకు రాదు, మా పెద్దోడికి పోతుంది. వాడు డాలస్‌లో పుట్టి పెరిగినవాడు, తొమ్మిదో తరగతి. వేసవిలో మాకు రాత్రి తొమ్మిదైతే అక్కడ మర్నాడు పొద్దున ఏడున్నర. నాన్న కాఫీ తాగి, పేపర్ చూసి కూర్చునే వేళ అది. వీడు అన్నం తిని ఖాళీగా ఉండే వేళ కూడా అదే.

అంతకుముందు వాళ్ళిద్దరి మాటలు ఎలా ఉండేవో దేశం కాని దేశంలో పిల్లల్ని పెంచే ఎవరికైనా తెలుసు. "బాగా చదువుకుంటున్నావా?" "ఆ, తాతా." "అన్నం తిన్నావా?" "ఆ." "సరే, అమ్మకియ్యి." ప్రేమ లేక కాదు, ఇద్దరికీ కలిపి ఒక పని లేక. ఆదివారం తెలుగు క్లాసుకు పంపితే అక్షరాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి. వాడికి తెలుగుతో అవసరం పడింది మాత్రం మా నాన్న మామిడి లెక్కల వల్ల.

నాన్నకు పాకాల దగ్గర కొద్దిగా తోట ఉంది. చిత్తూరు వైపు తోటల్లో ఎక్కువగా కనిపించే తోతాపురే, పల్ప్ ఫ్యాక్టరీలకు పోయే కాయ. జూన్, జూలైలో కోతలప్పుడు ఏ రోజు ఎన్ని టన్నులు పోయింది, కూలి ఎంత, బండి బాడుగ ఎంత, ఇంకా రావాల్సిన బాకీ ఎంత అని నాన్న అన్నీ ఎక్సెల్‌లో రాసుకుంటాడు. రిటైరయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాడు. ఒకరోజు ఆ ఫైలు తెరిస్తే మొత్తాలు ఉండాల్సిన చోటంతా ##### అని కనబడింది. లెక్కలన్నీ పోయాయని టెన్షన్ పడిపోయాడు. ఫోన్లో ఎంత వివరించినా మాకు అర్థం కాలేదు. స్క్రీన్ చూస్తే తప్ప లాభం లేదన్నాడు పెద్దోడు.

చూడటం అంత సులువుగా కాలేదు. ముందు విండోస్‌లోనే ఉండే రిమోట్ డెస్క్‌టాప్, అంటే దూరంలో ఉన్న కంప్యూటర్‌ని ఇక్కడి నుంచే చూసి నడిపే ఏర్పాటు, ప్రయత్నించాడు. నాన్నది విండోస్ హోమ్ ఎడిషన్. అందులోంచి ఇంకో కంప్యూటర్‌లోకి పోవచ్చు గానీ, బయటివాళ్ళు ఆ దారిన దాంట్లోకి రాలేరు. అందుకు ప్రో ఎడిషన్ కావాలి. ప్రో ఉన్నా ఇంకో అడ్డు ఉండేది. నాన్న చేత రౌటర్ పేజీ తెరిపిస్తే అక్కడి ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో ఆ ఇంటి కనెక్షన్‌కి ఉండే అంకెల చిరునామా, 100.72 అని మొదలైంది. 100.64 నుంచి 100.127 వరకు ఉండే అడ్రస్‌లను ఇంటర్నెట్ కంపెనీలు తమ లోపలి నెట్‌వర్క్‌కి వాడుకుంటాయి. 2012 నుంచి ఆ వరసను ఇందుకోసమే కేటాయించారు. బోలెడు ఇళ్ళు బయటికి ఒకే పబ్లిక్ అడ్రస్‌తో కనబడతాయి. ఇంట్లోంచి బయటికి పోవచ్చు, బయటి నుంచి నేరుగా ఫలానా ఇంటికి రావడానికి దారి ఉండదు.

ఇదంతా వాడు తాతకు తెలుగులో చెప్పాలి. సగం మాటలు దొరక్క, చేతులు తిప్పుతూ, నావైపు చూస్తూ ఎలాగో చెప్పాడు. నాన్న అంతా విని, "అంటే మనది పీపీ నంబరా?" అన్నాడు.

పీపీ అంటే వీడికేం తెలుసు? అప్పుడు నాన్న మొదలుపెట్టాడు. మా చిన్నప్పుడు వీధి మొత్తానికీ ఒకరింట్లోనే ఫోన్. మనం ఎవరికైనా చెయ్యాలంటే వాళ్ళింటికి పోయి చేసుకోవచ్చు. మనకు ఎవరైనా చెయ్యాలంటే ఆ నంబరుకే చేసి, ఫలానా వాళ్ళను పిలవండి అని అడగాలి. పిలిచేవాళ్ళు లేకపోతే ఆ ఫోన్ మనదాకా రాదు. "కరెక్ట్ తాతా, ఇక్కడ పిలిచేవాళ్ళు లేరు!" అని వీడు ఎగిరి గంతేశాడు. మా అబ్బాయి, మా నాన్న అంతసేపు మాట్లాడుకోవడం నేను చూసింది అదే మొదలు.

రిమోట్ డెస్క్‌టాప్ లోపలికి వచ్చే తలుపు లాంటిది 3389 పోర్టు. రౌటర్‌లో దాన్ని తెరిచే పద్ధతి గురించి వాడు చదివాడు. మా విషయంలో అది కుదరదు సరే, కుదిరిన వాళ్ళకైనా నేను వద్దనే చెప్తాను. తెరిచి ఉన్న ఆ పోర్టు కోసం ఇంటర్నెట్‌లో రాత్రీ పగలూ వెతుకుతూనే ఉంటారు. ఇలాంటి ఇళ్ళకు సరిపడేవి క్విక్ అసిస్ట్, ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్ లాంటి ప్రోగ్రాములు. రెండు కంప్యూటర్లూ తమంతట తామే బయటికొచ్చి మధ్యలో ఒక సర్వర్ దగ్గర కలుసుకుంటాయి కాబట్టి లోపలికి దారి అక్కర్లేదు. మేం క్విక్ అసిస్ట్ పెట్టుకున్నాం. సాయం చేసేవాడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఒక కోడ్ తీసుకుని చెప్తాడు, అవతలివాళ్ళు దాన్ని కొట్టి, ఒప్పుకోవాలి. కోడ్ కొద్ది నిమిషాలే పనిచేస్తుంది.

కనెక్ట్ కాగానే పెద్దోడు ఆ ##### ఉన్న కాలమ్ అంచు పట్టుకుని కొంచెం వెడల్పు చేశాడు. అంకెలన్నీ వచ్చేశాయి. బాకీ పెరిగి అంకె పొడవై కాలమ్‌లో పట్టలేదు, అంతే. "ఏమీ పోలేదు తాతా, అన్నీ ఉన్నాయి."

ఆ తర్వాత అలవాటుగా మారింది. ఒక్కోసారి స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడి వీడికి ఏమీ కనబడదు. ఏదైనా ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, మార్పులకు అనుమతిస్తారా అని విండోస్ అడిగే పెట్టె అది. దూరం నుంచి ఎవరూ నొక్కకుండా దాన్ని యజమానికి మాత్రమే చూపిస్తుంది. అప్పుడు నాన్న అక్షరం అక్షరం చదివి వినిపించాలి, పబ్లిషర్ పేరు ఏముందో చెప్పాలి, సరేనంటేనే ఎస్ నొక్కాలి. లైన్ పూర్తిగా తెగిపోతే మా అమ్మ రంగంలోకి దిగుతుంది. "అవ్వా, డబ్బా మీద ఏ లైటు వెలుగుతా ఉంది?" అని వీడు అడిగితే, "పచ్చవి రెండు ఉండాయి, ఇంకోటి ఎర్రగా మిణుకుమిణుకు మంటాంది" అంటుంది. ఎల్ఓఎస్ అని రాసిన చోట ఎరుపు మెరిస్తే ఫైబర్‌లో సిగ్నల్ రావడం లేదన్నమాట. కంప్యూటర్‌ని ఎంత కెలికినా లాభం లేదు, కంప్లెయింట్ పెట్టాల్సిందే. అన్ని లైట్లూ సరిగా ఉండి పావుగంటకోసారి తెగుతుంటే ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోతోందేమో చూడాలి.

నేను గట్టిగా పట్టుబట్టింది ఒక్క విషయంలో. వీడికి తొందర ఎక్కువ. తాత మౌస్ కదుపుతుండగానే తనూ లాగేవాడు. డాలస్‌కీ తిరుపతికీ మధ్య పదిహేను వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు నేరుగా పోయి రావడానికే సెకనులో ఏడో వంతు పడుతుంది, మలుపులూ సర్వర్లూ కలిపితే ఇంకా ఎక్కువ. బాణం గుర్తు అటూ ఇటూ ఊగిపోయేది. నాన్న చెయ్యి తీసేసి, "నువ్వే చేసేయ్ రా" అని ఊరుకునేవాడు. లెక్చరర్‌గా ఇన్నేళ్ళు ఎందరికో చెప్పిన మనిషి అలా చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు కష్టంగా అనిపించింది. నువ్వు చెయ్యొద్దు, చెప్పి చేయించు అన్నాను. టైమ్ వేస్ట్ అన్నాడు. అలా అన్నాడు గానీ మారాడు. "తాతా, కింద కుడి పక్కన చిన్న బాణం ఉంది చూడు, దాని మీద ఒకసారి నొక్కు. ఆ, అదే." వాడి తెలుగు నిజంగా పదునెక్కింది ఈ మాటలతోనే.

తర్వాత వాడు ఇంకో ప్రోగ్రాం పెట్టి, దానికి శాశ్వతంగా ఒక పాస్‌వర్డ్ ఇస్తే తాత లేకపోయినా లోపలికెళ్ళి బాగు చేసెయ్యొచ్చన్నాడు. నేను ఒప్పుకోలేదు. తిరుపతిలో మా వాళ్ళు తలుపు తట్టరు, నేరుగా వంటింట్లోకి వచ్చేస్తారు. ఆ చనువు నాకు ఇష్టం. ఇక్కడ మా వాడి గదిలోకి నేను తట్టకుండా పోను, వాడి ఫోన్ అడక్కుండా తెరవను. ఆ పద్ధతీ నాకు ఇష్టమే. "నువ్వు స్కూల్లో ఉండగా తాత నీ ఫోన్ చూస్తే ఒప్పుకుంటావా?" అన్నాను. ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పాస్‌వర్డులున్నాయి, పొలం గురించి బాబాయితో రాసుకున్న ఉత్తరాలున్నాయి. ఆలోచించి వాడే ఒక నియమం పెట్టాడు. తాత ముందర కూర్చుని సరే అంటేనే కనెక్ట్ కావాలి, పని కాగానే తాతే కట్ చెయ్యాలి.

దీనికి ఇంకో మేలు కూడా ఉంది. బ్యాంకు నుంచి అని చెప్పి, స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టించి ఖాతాలు ఊడ్చేసే మోసాల గురించి 2019లోనే రిజర్వ్ బ్యాంకు హెచ్చరించింది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు ఇది నిజమైన ప్రమాదం. మేం ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టి, ఫలానా పనికి అని చెప్పుకున్నాకే కోడ్. ఇంకెవరు అడిగినా ఫోన్ పెట్టెయ్యాలి. డబ్బు పోయిందని అనుమానం వస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు అమ్మ పెద్ద అక్షరాలతో రాసి రౌటర్ పక్కన గోడకు అంటించింది.

ఈ జూన్‌లో కోతలకు పోతున్నాం. కరెంటు పోతే నెట్ పోకుండా రౌటర్‌ని ఇన్వర్టర్ లైనుకు మార్పించాలని వీడు రాసుకున్నాడు. ఫ్యాక్టరీ వారీగా బాకీలు విడగొట్టడం పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోవాలని నాన్న రాసుకున్నాడు. దానికి బదులుగా తోటలో కాయ కోయడం, బండికెత్తడం నేర్పాలని వీడు ముందే మాట తీసుకున్నాడు.