తాడు పట్టుకున్న దొంగ థింగ్

1966 జూన్ తేదీతో వచ్చిన మార్వెల్ కామిక్ ఫెంటాస్టిక్ ఫోర్ 51వ సంచికలో కథను భుజాన మోసే మనిషికి పేరు లేదు. అతనొక సైంటిస్టు. ఫెంటాస్టిక్ ఫోర్ జట్టు నాయకుడు రీడ్ రిచర్డ్స్ పేరు వింటేనే అతనికి ఒళ్లు మంట. ఆ సంచిక అతని గురించి మనకు చెప్పేది దాదాపు ఇంతే. ఒక సూపర్‌హీరో జట్టు ఇంకో డైమెన్షన్‌లోకి వెళ్లే కథ ఇది. అయినా ఎన్నిసార్లు చదివినా నా కళ్లు లోపలికి వెళ్లిన వాడి మీద కాకుండా, గుమ్మం దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డ వాడి మీదే ఉండిపోతాయి.

ముందు కాస్త వెనక్కి వెళ్లాలి. 48 నుంచి 50 దాకా మూడు సంచికల్లో గలాక్టస్ గొడవ నడిచింది. వాడు గ్రహాల్ని తిని బతికే వాడు, సిల్వర్ సర్ఫర్ వాడికి దారి చూపించే వాడు. పాత కామిక్స్ మాట వస్తే అందరూ ఆ మూడింటి గురించే మాట్లాడతారు. భూమి అంతా పోయేంత పని జరిగాక, ఆ తర్వాతి నెల రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు జాక్ కిర్బీ ఏం చేశారో చూడండి. మొదటి పేజీ మొత్తాన్ని ఒకే బొమ్మకి ఇచ్చేశారు. వాన పడుతోంది. జట్టులోని రాతి ఒళ్లు గల థింగ్, అంటే బెన్ గ్రిమ్, భుజాలు జారవిడిచి ఆ వానలో నిలబడి ఉన్నాడు. తను ఇక మనిషిని కాలేనని కుమిలిపోతున్నాడు. నేను పత్రికలకు పేజీలు పెట్టే పని చేస్తాను, కాబట్టి నా చూపు ముందు ఇలాంటి వాటి మీదకే పోతుంది. 12 సెంట్ల పుస్తకం, అందులో 20 పేజీల కథ. అంత తక్కువ చోటులో ఏ సంఘటనా లేని బొమ్మకి ఒక పేజీ వదిలేశారంటే వాళ్ల ధైర్యం మామూలుది కాదు. మా ఆఫీసులో నేను అలా అడిగితే యాడ్ వేసుకోమంటారు.

ఆ వానలో బెన్‌ని ఒకాయన ఇంట్లోకి పిలుస్తాడు. ఆదరంగానే మాట్లాడతాడు. బెన్ స్పృహ తప్పాక తన యంత్రంతో అతని రూపాన్ని, బలాన్ని లాగేసుకుంటాడు. మన విక్రమార్కుడి కథల్లోని పరకాయ ప్రవేశం గుర్తొస్తుంది కానీ, ఇది ఖాళీ శరీరంలోకి దూరడం కాదు, బతికున్న వాడి ఒంటిని దొంగిలించడం. బెన్ లేచి చూసుకుంటే మామూలు మనిషి అయిపోయాడు. ఏళ్ల తరబడి కోరుకున్నది చేతికొచ్చింది. అయినా సంతోషపడకుండా, మోసం జరిగిందని చెప్పడానికి జట్టు ఉండే బాక్స్‌టర్ బిల్డింగ్‌కి పరుగెత్తాడు. అక్కడ దొంగ థింగ్ అప్పటికే తిష్ఠ వేసుక్కూర్చున్నాడు. రీడ్, అతని భార్య సూ దొంగ మాటే నమ్మారు. అసలు బెన్‌కి కోపం వచ్చింది. పోనీలే, మనిషినయ్యాను కదా, ఇక మీ గొడవ నాకెందుకు అనుకుని, తను ప్రేమించే అలీషియా ఇంటి దారి పట్టాడు. ఈ ముక్క నాకు చాలా ఇష్టం. జట్టు కథల్లో జట్టు తనవాణ్ణి గుర్తుపట్టలేకపోవడం తరచుగా జరగదు. ప్రపంచంలోకెల్లా తెలివైనవాడని పేరున్న రీడ్ పక్కనే నిలబడ్డ స్నేహితుడి తేడా పసిగట్టలేకపోయాడు. కథ అతన్ని ఇందుకు తిట్టదు కూడా.

ఇక డైమెన్షన్ సంగతి. గలాక్టస్ లాంటి వాడు మళ్లీ వస్తే ఎదుర్కోవాలంటే కాంతి కన్నా వేగంగా పోయే దారి కనిపెట్టాలని రీడ్ పట్టుదల. దానికోసం సబ్‌స్పేస్ అనే చోటికి గుమ్మం తెరిచాడు. తర్వాతి సంచికల్లో నెగెటివ్ జోన్‌గా పేరుబడ్డ లోకానికి ఇదే మొదలు. మొదటిసారి లోపలికెళ్లే రీడ్‌కి ఉన్న భద్రత అంతా నడుముకి కట్టుకున్న ఒక తాడు. రెండో కొస దొంగ థింగ్ చేతిలో పెట్టి, నేను సైగ చేయగానే లాగు అంటాడు.

1965లో జరిగినవి గుర్తు తెచ్చుకుంటే ఈ సీను వేరేగా కనిపిస్తుంది. ఆ ఏడాది మార్చి 18న అలెక్సీ లియోనోవ్ వ్యోమనౌక దాటి బయటికొచ్చిన మొదటి మనిషి అయ్యాడు. సుమారు 12 నిమిషాలు ఒక తాడుకి వేలాడుతూ ఉన్నాడు. శూన్యంలో అతని సూట్ ఉబ్బిపోయింది, లోపలి గాలి కొంత వదిలేస్తే తప్ప తిరిగి లోపలికి దూరలేకపోయాడు. జూన్ 3న జెమిని 4 నుంచి ఎడ్ వైట్ బయటికొచ్చాడు. నీలి భూమి పైన బంగారు రంగు గొట్టంతో వేలాడుతున్న అతని ఫోటోలు ప్రపంచమంతా చూసింది. ఆ మరుసటి ఏడు కిర్బీ తన హీరోని తాడు కట్టి శూన్యంలోకి వదిలాడు. కిర్బీ ఆ ఫోటోలను మనసులో పెట్టుకునే గీశాడని నా ఊహ. అప్పటి పిల్లలకి మాత్రం ఆ తాడు చూడగానే కడుపులో తిప్పి ఉంటుంది. తెగితే ఏమవుతుందో వాళ్లకి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

సబ్‌స్పేస్‌ని కిర్బీ గీయలేదు, అతికించాడు. పత్రికల్లోంచి ఫోటోలు కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి అంటించి, దాని మీద రీడ్ బొమ్మను పెట్టాడు. ఈ కొలాజ్ పద్ధతిని 1964 నుంచే ఈ సిరీస్‌లో అప్పుడప్పుడు వాడుతున్నాడు. చౌకరకం న్యూస్‌ప్రింట్ మీద ఆ ఫోటోలు సరిగా తేలేవి కావు. నలుపు మడ్డిలా పరుచుకుని, సన్నని వివరమంతా పోయేది. నా వృత్తి ప్రకారం చూస్తే అది ప్రింటింగ్ తప్పే. కానీ ఈ ఒక్క కథలో ఆ తప్పు మేలు చేసిందనుకుంటాను. గీతలతో, చదును రంగులతో నడుస్తున్న పుస్తకంలో ఒక్కసారిగా బూడిదరంగు ఫోటో ముక్కల గందరగోళం వస్తుంది. అందులో రీడ్ చిన్న గీతల బొమ్మ. వీడు ఈ చోటికి చెందినవాడు కాదని కంటికే తెలిసిపోతుంది. ఇప్పుడు కంప్యూటర్లో రంగురంగుల సుడులు తిప్పి చూపించే వేరే లోకాలన్నీ సినిమా తాలూకే అనిపిస్తాయి. ఇది మాత్రం వేరే పదార్థంతో చేసినట్టుంటుంది.

ఫిజిక్స్ అడక్కండి. అడక్కపోయినా కొంత చెబుతాను. వ్యతిరేక పదార్థం (యాంటీమేటర్) అప్పటికి ఊహాగానం కాదు. పాజిట్రాన్‌ని 1932లో, యాంటీప్రోటాన్‌ని 1955లో ప్రయోగాల్లో పట్టుకున్నారు. ఒక గ్రాము మామూలు పదార్థం ఒక గ్రాము వ్యతిరేక పదార్థానికి తగిలితే వచ్చే శక్తి 43 కిలోటన్నుల టీఎన్‌టీకి సమానం, అంటే హిరోషిమా బాంబుకి దాదాపు మూడింతలు. కథలో రీడ్ కొట్టుకుపోతున్నది ఈ రెండు పదార్థాలూ ఢీకొనే చోటుకే. లెక్క ప్రకారమైతే అతనితో పాటు గుమ్మం, బిల్డింగ్, న్యూయార్క్ కూడా మిగలకూడదు. కథకి ఆ లెక్కతో పనిలేదు, నాకూ లేదు. దగ్గరకెళ్తే తిరిగిరాలేని చోటు ఒకటుందని తెలిస్తే చాలు.

లోపల రీడ్ సైగ చేశాడు. బయట తాడు పట్టుకున్నవాడు వచ్చిన పనే ఇతన్ని చంపడం. ఏమీ చేయకుండా నిలబడితే చాలు, పని అయిపోతుంది. కానీ ఇంతసేపూ అతను ఒక వింత చూశాడు. కీర్తి కోసం పాకులాడే వాడనుకున్న రీడ్, ఎవరూ చూడని చోట, తన ప్రాణాన్ని స్నేహితుడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ నమ్మకం తనది కాదు, బెన్ సంపాదించుకున్నది. దొంగిలించిన ఒంటితో పాటు ఆ నమ్మకం కూడా ఇతని మెడకి చుట్టుకుంది. తాడుతో ఇక లాభం లేదని తేలాక తనే లోపలికి దూకాడు. రీడ్‌ని పట్టుకుని, థింగ్ బలమంతా వాడి గుమ్మం వైపు విసిరేశాడు. తను మాత్రం అటువైపే కొట్టుకుపోయాడు.

అదే క్షణంలో అలీషియా గుమ్మం ముందు నిలబడ్డ బెన్ తిరిగి రాయి అయిపోయాడు. తలుపు తట్టబోయిన చెయ్యి అలాగే ఆగింది. ఒక మనిషి మంచివాడైనందుకు ఇంకో మనిషి చెల్లించిన ధర అది. ఇద్దరూ ఒకరి గురించి ఒకరు ఆ సంగతి పూర్తిగా తెలుసుకోలేరు.

సూపర్‌హీరో సినిమాలన్నీ వదలకుండా చూసే మా తమ్ముడికి ఇచ్చాను చదవమని. పూర్తి చేసి, “అక్కా, ఫైటింగ్ ఏదీ?” అన్నాడు. నిజమే, చెప్పుకోదగ్గ ఫైట్ లేదు. జట్టులో నాలుగోవాడు, సూ తమ్ముడు జానీ స్టార్మ్ కాలేజీ ఫుట్‌బాల్ గోల కొన్ని పేజీలుంది, అది తీసేసినా నష్టం లేదని వాడూ నేనూ ఒప్పుకున్నాం. సూ విషయంలో మాత్రం వాడు అనకపోయినా నేను అంటాను. ఆమె ఆ గదిలోనే ఉంటుంది, కంగారు పడుతుంది, అంతే. కనిపించకుండా పోగలదు, కవచం సృష్టించగలదు, అయినా తాడు ఆమె చేతికి ఎవరూ ఇవ్వరు. పేరు కూడా ఇన్విజిబుల్ గర్ల్. అది ఇన్విజిబుల్ వుమన్ కావడానికి 1985 దాకా పట్టింది.

1968 యాన్యువల్‌లో, అంటే ఏడాదికోసారి వచ్చే ప్రత్యేక సంచికలో, ఇదే లోకానికి జట్టుగా వెళ్తారు, ఈసారి తాడు లేకుండా. సూ ప్రసవానికి సిద్ధంగా ఉంది. ఆమె రక్తంలోని కాస్మిక్ కిరణాల వల్ల తల్లీ బిడ్డా బతకడం కష్టమంటారు. మందు నెగెటివ్ జోన్‌లోనే ఉంది. రీడ్, బెన్, జానీ ముగ్గురూ దూకి యానిహిలస్ అనే పురుగులాంటి రాజుకి దొరికిపోతారు. అతని ప్రాణమంతా కాస్మిక్ కంట్రోల్ రాడ్‌లో ఉంటుంది. దాంట్లోని శక్తే వీళ్లకి కావాల్సింది. వేగం ఉంది, ఫైట్లు కావాల్సినన్ని ఉన్నాయి, తమ్ముడికి నచ్చింది. నాకూ నచ్చింది కానీ అప్పటికే ఆ లోకంలో రాజులు, సైన్యాలు, కోటలు వచ్చేశాయి. మనుషులు చేరాక ఏ శూన్యమైనా ఇంకో దేశమే.

పోటీ కంపెనీ డీసీ ఇదే దశాబ్దంలో ఇంకో దారి పట్టింది. 1964లో జస్టిస్ లీగ్ 29వ సంచికలో ఎర్త్ త్రీ అని ఒక భూమిని చూపించారు. అక్కడ సూపర్ శక్తులున్న వాళ్లంతా దొంగలే. చరిత్ర కూడా తలకిందులు: అమెరికా నుంచి బయల్దేరిన కొలంబస్ యూరప్‌ని కనిపెట్టాడు, నటుడు లింకన్ ప్రెసిడెంట్ బూత్‌ని కాల్చి చంపాడు. చదువుతుంటే నవ్వొస్తుంది, బుర్రకి పని కూడా. కానీ అది అద్దం. అద్దంలో కనిపించేది ఎప్పుడూ మన ఇల్లే, కుడిఎడమలు మారతాయంతే. కిర్బీ శూన్యంలో మనకి తెలిసిన వస్తువంటూ ఒక్కటీ లేదు, ఆ తాడు తప్ప.

ఈ కథ ఎవరిది అనే తగవు ఎప్పటికీ తేలదు. మార్వెల్‌లో అప్పటి పద్ధతి ప్రకారం కిర్బీ ముందు పేజీలన్నీ గీసి పక్కన నోట్స్ రాస్తే, లీ ఆ తర్వాత మాటలు నింపేవాడు. ఇద్దరూ కలిసి వరుసగా 102 సంచికలు చేశారు, 1970లో కిర్బీ వెళ్లిపోయాడు. ఈ సంచికలో మాటలు ఎక్కువైన చోట లీ చెయ్యి, మాటల్లేకపోయినా అర్థమయ్యే చోట కిర్బీ చెయ్యి అని నా లెక్క. చివర్లో రీడ్ చేత చెప్పించిన నివాళి ఉపన్యాసం కొంచెం తగ్గించి ఉంటే బాగుండేది. పెన్సిల్ గీతల మీద సిరా దిద్దిన జో సినాట్ ఇంకింగ్‌కి మాత్రం వంక పెట్టలేను. థింగ్ ఒంటి మీద ఒక్కో రాతి పలకనీ విడిగా నిలబెట్టాడు, ఆ వానలో కూడా.

చదవాలనుకునే వాళ్లు 48 నుంచి మొదలుపెట్టండి. గలాక్టస్ గోల చెవుల్లో ఉండగానే 51వ సంచిక తెరిస్తే ఆ వాన పేజీ బలం తెలుస్తుంది. ఎసెన్షియల్ పేరుతో వచ్చిన నలుపు తెలుపు సంపుటాల్లో సినాట్ గీత చక్కగా కనిపిస్తుంది కానీ, రంగులు కూడా ఉండాలి ఈ కథకి. డిజిటల్‌లో చూస్తే కొలాజ్ పేజీని పెద్దది చేసి చూడకండి. పేజీ మొత్తం ఒకేసారి కంటికి ఆనేంత దూరంలో పెట్టుకోండి.