విగ్రహం పాడయ్యేది పాదాల దగ్గర నుంచే

కోనసీమలో ఏ ఊరి సెంటరు చూసినా ఒక విగ్రహం ఉంటుంది. కాలవ లాకుల దగ్గర కాటన్ దొర, బస్టాండు దగ్గర అంబేడ్కర్, పంచాయతీ ముందు గాంధీ. పోలిక కుదిరిందా లేదా అని కమిటీవాళ్లు కొత్తపేట శిల్పశాలకు నాలుగుసార్లు తిరుగుతారు. తిరగాల్సిందే. మట్టి బొమ్మగా ఉన్నప్పుడు ముక్కు, కళ్లజోడు, పంచె మడత ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు, అచ్చు తీశాక ప్రతి మార్పూ ఖర్చే. కానీ దిమ్మె దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధంతా పోతుంది. ఊళ్లో మేస్త్రీకి చెప్పి, ఇటుకతో కట్టించి, పైన టైల్స్ అంటించి, ముహూర్తానికి సిద్ధం చేసేస్తారు.

మన డెల్టాలో నీరు కొద్ది అడుగుల్లోనే ఉంటుంది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ అది ఉప్పునీరు. ఇటుక దాన్ని దీపం వత్తిలా పైకి పీలుస్తుంది. నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది, టైల్ వెనకాల పొడిపొడిగా రాలుతుంది. అందుకని దిమ్మె ఇటుకతో వద్దు, ఆర్‌సీసీతో పోయించండి. కాంక్రీటు బలం ఎం30 గ్రేడుకి తగ్గకూడదు, ఊసల మీద కవరు, అంటే వాటిని కప్పే కాంక్రీటు మందం, 50 మిల్లీమీటర్లు ఉండాలి. సముద్రపు ఇసక, చెరువు నీళ్లు దగ్గరికి రానివ్వొద్దు. నేలమట్టానికి పైన తేమ ఎక్కకుండా తారు పొర వేయించాలి. పునాది తడికి ఉబ్బి ఎండకు బీటలు తీసే పైమట్టిలో ఆగిపోకూడదు, ఆగితే రెండు వేసవులకే దిమ్మె ఒక పక్కకు ఒరుగుతుంది.

ఇక కంచు విగ్రహం. అది లోపల డొల్ల. ఆరు మిల్లీమీటర్ల మందంతో పోస్తే చదరపు మీటరుకు 50 కిలోలు దాటుతుంది, గాలికి భయం లేదు. భయమంతా లోపలి నీటితోనే. అతుకుల సందుల్లోంచి వాన దిగుతుంది, రాత్రి చల్లదనానికి లోపలి గోడలకు చెమట పడుతుంది. ఆ నీరు పోయే దారి లేకుండా పాదాల చుట్టూ సిమెంటు పూసేస్తే కాళ్ల నిండా నిలిచిపోతుంది. పోత పోసినప్పుడు డొల్ల కోసం లోపల పెట్టిన మట్టి ముద్ద, దాన్ని పట్టి ఉంచే ఇనప మేకులు పూర్తిగా తీయకపోతే ఆ మట్టి తడిని పట్టి ఉంచుతుంది, మేకు తుప్పు పడుతుంది. చీలమండ దగ్గర గోధుమరంగు చార కిందికి జారి కనిపిస్తే అది పైనుంచి వచ్చిన మురికి కాదు, లోపలి ఇనుము తుప్పు. శిల్పశాలలోనే అడిగి, అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట నీరు పోయేలా 12 మిల్లీమీటర్ల కన్నం పెట్టించండి. బిగించే రాడ్లు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అయి ఉండాలి, కంచుకూ రాడ్డుకూ మధ్య నైలాన్ వాషరు ఉండాలి. మామూలు ఇనుమూ కంచూ ఉప్పుగాలిలో ఒకదాన్నొకటి తాకితే ముందు తినేసేది ఇనుమునే.

ఫైబర్ విగ్రహం తేలిక, చవక. కానీ ఎండకు పైపొర పెళుసెక్కి లోపలి గాజు పీచు బయటపడుతుంది. తేలికే దానికి ముప్పు కూడా. 1996 నవంబరు 6 తుపానులాంటిది మళ్లీ వస్తే రెండు బోల్టుల మీద నిలబడదు. లోపల నిలువునా స్టీలు పైపు ఉండి, అది దిమ్మెలోకి దిగి ఉండాలి.

జయంతికి ముందురోజు చింతపండు పెట్టి తోమడం మన దగ్గర మామూలు. దయచేసి మానండి. కంచు మీద నిదానంగా పట్టే ముదురు రంగే దానికి కవచం. చింతపండు పులుపు ఆ పొరను ఊడగొడుతుంది, ఉంగరాల జుట్టు సందుల్లోనూ కోటు గుండీల కిందా మిగిలిపోయి అక్కడే తినడం మొదలెడుతుంది. ఇనప పీచు ఇంకా చెడ్డది, దాని ముక్కలు ఇరుక్కుని తుప్పు మచ్చలు వేస్తాయి. మంచినీళ్లు, కొద్దిగా లిక్విడ్ సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. బాగా ఆరాక రంగులేని మైనం పలచగా రాసి గుడ్డతో రుద్దండి, వానలకు ముందోసారి, తర్వాతోసారి. ఎక్కడైనా లేత ఆకుపచ్చ పొడి బొబ్బల్లా లేస్తుంటే అది మామూలు చిలుము కాదు, ఉప్పు లోహంలోకి దిగిందని గుర్తు. దాన్ని గీకకుండా శిల్పికి చూపించండి.

చోటు సంగతి కూడా ముందే చూసుకోవాలి. రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

దండ వేయడానికి ఇనప నిచ్చెన భుజానికి ఆనిస్తారు, ఏటా అక్కడే గీత పడుతుంది. దిమ్మె వెనకాల నాలుగు మెట్లు కట్టిస్తే ఆ అవసరమే రాదు. దండలో తీగ కాకుండా నారే వాడాలి, మర్నాటికల్లా తీసేయాలి. పాలాభిషేకం చేస్తే ఆ పూటే నీళ్లతో కడగాలి. తుపాను వెళ్లిన తర్వాత కింది కన్నంలో సన్న పుల్ల పెట్టి చూడండి, కందిరీగలు మట్టితో దాన్ని మూసేస్తుంటాయి.