ముందు చూడాలి, ఆ తర్వాతే వాక్యం

విమోచన వేదాంతం, అంటే పేదలను అణచివేత నుంచి విడిపించడం విశ్వాసంలో భాగమే అనే క్రైస్తవ ఆలోచన, అనగానే లావుపాటి పుస్తకాలే గుర్తొస్తాయి. అది ఊపిరి పోసుకున్నది మాత్రం బ్రెజిల్ పల్లెల్లో, మురికివాడల్లో ఇరుగుపొరుగు కూడుకున్న చిన్న బైబిల్ గుంపుల్లో. ఫాదర్ ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు, మామూలు విశ్వాసులే నడుపుకునేవాళ్లు.

పద్ధతి మూడు మాటలు: చూడు, తూచు, చెయ్యి. బెల్జియంలో కార్మిక యువత కోసం జోసెఫ్ కార్డైన్ అనే ఫాదర్ తెచ్చిన వరస ఇది. 1968లో కొలంబియాలోని మెడెలిన్‌లో జరిగిన సభలో లాటిన్ అమెరికా బిషప్పులు కూడా ఇదే పట్టుకున్నారు.

తప్పు ఎక్కువగా మొదటి మెట్టు మీదే జరుగుతుంది. "నీళ్లు రావట్లేదు" అనగానే ప్రార్థన చేసి లేచిపోతే చూసినట్టు కాదు. ఏ వీధికి వస్తున్నాయి, ఏ వీధికి రావట్లేదు, పైపు ఎక్కడ ఆగింది, ఆగితే లాభం ఎవరికి? ఇవి తేలాక, తూచడానికి బైబిల్ తెరవాలి. నిర్గమకాండం 3:7, 8 చూడండి. దేవుడు బాధను చూశాడు, మొర విన్నాడు, ఆ తర్వాతే దిగివచ్చాడు.

చదువుకున్న ఒక్కరే మాట్లాడితే గుంపు చచ్చిపోతుంది. చేసే పని చిన్నదే ఉండాలి: ఎవరు, ఏ రోజు, ఏ ఆఫీసుకు. మళ్లీ కూడినప్పుడు మొదట అడగాల్సింది దాని గురించే.

మన సంఘాల్లో చూడాల్సినవి లేవా? ఎస్సీ హోదా హిందువులకే అన్న 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఆ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు. అది ప్రభుత్వం చేసిన అన్యాయం. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచుకున్నవాళ్లు పెళ్లి సంబంధాల దగ్గర మాల, మాదిగ అని విడిపోవడం మాత్రం మనం చేస్తున్నదే.