లెగ్‌లో ల తీసేస్తే ఎగ్

ఆరో తరగతికి ఇంగ్లీషు ఆర్టికల్స్ చెప్పడం నాకు పదకొండేళ్ల అలవాటు. బోర్డు మీద ఏ, ఈ, ఐ, ఓ, యు అని ఐదక్షరాలు రాసేదాన్ని. మాట వీటితో మొదలైతే దాని ముందు ‘యాన్’, లేకపోతే ‘ఏ’. పది ఖాళీలిచ్చి పూరించమంటే పాఠం అయిపోయేది. ఇంగ్లీషులో ఆ ‘యాన్’ అచ్చుతోనే మొదలవుతుంది కానీ, తెలుగులో రాయబోతే ముందు య వచ్చి కూర్చుంటుంది. అదే య తర్వాత నా మెడకు చుట్టుకుంది.

ఈసారి ముందు బెంచీ పిల్ల లేచింది. “టీచర్, అవర్‌కి మొదట హెచ్ ఉంది కదా, మరి పుస్తకంలో యాన్ అవర్ అని ఎందుకుంది?”

మామూలుగా అయితే “అది ఎక్సెప్షన్, గుర్తుపెట్టుకోండి” అని దాటేసేదాన్ని. ఆ రోజు అలా అనబుద్ధి కాలేదు. అచ్చంటే నోటితో పలికే ధ్వని అని ఈ పిల్లలకు అ, ఆలు దిద్దిన రోజు నుంచీ తెలుసు. దాన్ని ఐదు ఇంగ్లీషు అక్షరాలకు కుదించింది నేనే.

“ఆ మాటల్ని తెలుగులో రాయండి” అన్నాను. అవర్, ఎమ్మెల్యే, యూనిఫామ్, యూనివర్సిటీ, వన్ రూపీ కాయిన్. మొదట అ, ఎ ఉంటే యాన్. య, వ ఉంటే ఏ. హెచ్ గొడవా లేదు, యు గొడవా లేదు. యాన్ ఎంపీ, యాన్ ఎస్సై, ఏ సర్పంచ్ అంటూ పిల్లలు అందరినీ వరసపెట్టారు. నేను గాల్లో తేలిపోతున్నాను.

అది మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టిన రోజు. వెనక నుంచి ఒకడు “ఐ ఏట్ ఏ యెగ్” అన్నాడు. దగ్గరికెళ్లి చూస్తే నోట్‌బుక్‌లో ‘యెగ్గు’ అని గుండ్రంగా రాసుకున్నాడు. నేను చెప్పిన రూల్ ప్రకారం వాడిదే రైటు. పక్కవాడి పుస్తకంలో ‘వాఫీసు’ ఉంది. వాళ్లననడానికేముంది? ఎవరు అని రాసి యెవరు అంటాం, ఒకటి అని రాసి వొకటి అంటాం. మా అమ్మమ్మ ఉత్తరాల్లో అయితే పలికినట్టే రాసేది: “యెప్పుడొస్తావు? యింట్లో అందరూ కులాసాయేనా?”

ఏం చెప్పాలో తోచేలోపు బెల్లు కొట్టారు, బతికిపోయాను.

సాయంత్రం బస్సులో యెగ్, ఎగ్ అని గొణుక్కుంటూ కూర్చున్నాను. పక్క సీటావిడ అదోలా చూసింది. మాట మొదట్లో ఎ వస్తే మన నాలుక య కలుపుతోంది, మధ్యలో వస్తే కలపడం లేదు. పెన్ అంటాం కానీ ప్యెన్ అనం కదా!

మర్నాడు బోర్డు మీద ‘లెగ్’ అని ఇంగ్లీషులో రాసి, అందరిచేతా చదివించి, మొదటి అక్షరాన్ని అరచేత్తో మూశాను. “ల మింగేసి మిగిలింది చెప్పండి.” ఎగ్! య ఊసే లేదు. సెండ్‌లో స మింగితే ఎండ్. “ఎండ కాదురా, ఎండ్” అని నవ్వుకున్నారు. వాఫీసుకి కాఫీ పనికొచ్చింది. క తీసేస్తే ఆఫీ, దానికి సు తగిలిస్తే ఆఫీసు. యెగ్గు కుర్రాడు మాట పలికే ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలెట్టాడు, ల తప్పించుకుపోతుందేమో అన్నట్టు.

ఇయర్ మాత్రం లొంగలేదు. చెవికీ ఇయరే, సంవత్సరానికీ ఇయరే. ఫియర్‌లో ఫ మింగితే చెవి వస్తుంది, సంవత్సరం రాదు. ఇంగ్లీషువాళ్లు సంవత్సరానికి ముందు య పలుకుతారు కాబట్టి ‘ఏ’ రావాలి. ఇల్లూ యిల్లూ ఒకటే అయిన మన చెవికి ఆ తేడా ఎక్కడ ఆనుతుంది? చివరికి “చెవికి యాన్, సంవత్సరానికి ఏ, బట్టీ పట్టండి” అన్నాను. ఆ మాట అనడానికి మనసొప్పలేదు, కానీ ఇంకో దారి దొరకలేదు.

యూనిట్ టెస్టులో యెగ్గు కుర్రాడు ‘యాన్ ఎగ్’ సరిగ్గానే రాశాడు. సంవత్సరానికి ‘యాన్ ఇయర్’ అని రాసిన దగ్గర అర మార్కు కోశాను. పేపర్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

“టీచర్, సంవత్సరాన్ని మీరోసారి ఇంగ్లీషులో అనండి.”

అన్నాను. ఇయర్ అనే వచ్చింది. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాను. మళ్లీ ఇయరే.

పేపర్ తీసుకుని అర మార్కు వేసేశాను.