పెళ్ళిలో సన్నాయికి ఒక్క అరగంట ఇవ్వండి

మన ఒంగోలు పక్కన కరవది ఉంది కదా, రైల్లో పోయేవాళ్ళు స్టేషన్ బోర్డు చూసే ఉంటారు, సన్నాయి విద్వాంసులు షేక్ చినమౌలానా గారు 1924లో పుట్టింది ఆ ఊళ్ళోనే. తరతరాలుగా గుళ్ళల్లో సన్నాయి వాయించిన ముస్లిం కుటుంబం వాళ్ళది. చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ గారి దగ్గర నేర్చుకుని, మన బాణీ చేతికొచ్చినాక కూడా తంజావూరు బాణీ పట్టుబడాలని నాచ్చియార్‌కోయిల్ రాజం, దొరైకన్ను పిళ్ళై గార్ల దగ్గర మళ్ళీ శిష్యుడిగా కూర్చున్నారు. వాయించడం వచ్చినోడు ఇంకో గురువు ముందు కూర్చోవడం ఎంత పెద్ద మనసో ఆలోచించండి. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ళ సంగీత కళానిధి బిరుదు. శ్రీరంగంలో స్థిరపడి ఎంతోమందిని తయారుచేశారు, ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభాని, కలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఇదంతా ఎందుకంటే, సన్నాయి అంటే పెళ్ళిలో సౌండు అనుకునేవాళ్ళే ఎక్కువైపోయారు. దానికి మీటలేమీ ఉండవండీ, ఏడు రంధ్రాలు వేళ్ళతో మూస్తూ తెరుస్తూ, సగం సగం మూస్తూ, నోట్లో పెట్టుకుని ఊదే పీక మీద పెదాల ఒత్తిడీ ఊపిరీ మారుస్తూ గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికే ఒంపు, పలికించాలి, స్వరం కాస్త జారినా అందరికీ వినపడిపోద్ది. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు దాటి కీర్తనలకొచ్చేసరికే ఏళ్ళు పడతాయి, రాగాలాపన సొంతంగా చెయ్యడం ఇంకా తర్వాతి మాట.

ఇంత నేర్చుకున్నాక బతుకు ఎట్టా? తిరుపతిలో టీటీడీ వాళ్ళ నాదస్వర పాఠశాల ఉంది, ఆకాశవాణి ఆడిషన్ పాసైతే గ్రేడ్ వస్తది, గుడిలో కొలువు దొరికితే అదృష్టం. మిగతావాళ్ళకి ముహూర్తాలే ఆధారం, ఆషాఢం వచ్చినా మూఢం వచ్చినా పనుండదు, ఇల్లు మాత్రం గడవాలి కదా.

మొన్న కావలిలో మా బంధువుల పెళ్ళిలో సన్నాయి ఆయనతో కాసేపు కూర్చున్నా. పొద్దున్నుంచీ ఏం వాయించావన్నా అంటే, "ఏముంది బాబూ, గట్టిమేళం అన్నప్పుడు వాయించడం, ఆపమన్నప్పుడు ఆపడం, మిగతా టైమంతా డీజేనే" అన్నాడు. తోడి రాగం వాయించు అన్నా అని అడిగితే ఆయన మొహం వెలిగిపోయింది, డోలు ఆయన కూడా వేళ్ళకి తొడుగులు సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు, కానీ ఆలాపన మొదలుపెట్టాడో లేదో స్పీకర్లలో పాట పెట్టేశారు. నాకు చాలా బాధేసింది.

అందుకే అడుగుతున్నా, మేళం మాట్లాడుకునేటప్పుడే చెప్పండి, ముహూర్తానికి ముందు ఒక అరగంట మీదేనన్నా, మీకిష్టమైన రాగం వాయించండి అని. ఆ అరగంట డీజే ఆపించే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి, డబ్బులు కూడా వాళ్ళు బయల్దేరేలోపే చేతిలో పెట్టండి. నెల్లూరులో మా ఇంట్లో వచ్చే పెళ్ళికి ఇట్టాగే మాట్లాడుకున్నాం.